ఏడు డబ్బాల హ్యాష్ టేబుల్

తనది తల పండిన వయసే గాని పండిన తల కాదని టపా గుమాస్తాగారు తానే చెప్పుకునేవాడు. ఆఫీసులో కాగితాలు పోయి కంప్యూటర్లు వస్తున్నాయి. ఆన్‌లైన్ అల్గారిథమ్స్ కోర్సు పాసైతే కంప్యూటర్ సెక్షన్లో కుర్చీ, తప్పితే గోడౌన్లో స్టూలు అని మేనేజరు తేల్చేశాడు. కోర్సు కాదది, కోరి తలకంటించుకున్న కొరివి. అల్గారిథం కాస్తా ఆయన చేతిలో అల్లరిథం అయింది. సమాచారాన్ని కొమ్మలుగా పేర్చే ట్రీకి వేళ్ళు పైన, ఆకులు కింద అని పాఠం చెబితే ల్యాప్‌టాప్ తలకిందులుగా పట్టుకుని చూశాడు.

హ్యాష్ టేబుల్ ఒక్కటే బుర్రకెక్కింది. వెతుకులాట ఉండదు, పేరుతో లెక్క కడితే వస్తువున్న చోటు తెలుస్తుంది. ఎక్కిన విద్య ఊరుకోనిస్తుందా? వంటింట్లో ఖాళీగా ఉన్న ఏడు డబ్బాలకు సున్నా నుంచి ఆరు దాకా అంకెలంటించాడు. పేరులోని అక్షరాల సంఖ్యను డబ్బాల సంఖ్యతో భాగించి, శేషం ఎంతొస్తే ఆ నంబరు డబ్బాలో ఇంటి చిల్లర సామానంతా పడేశాడు. ‘చదువుకునే కళ్ళద్దాలు’ తొమ్మిది అక్షరాలు. ఏడు పోగా రెండు. రెండో నంబరు డబ్బా.

ఆఖరి పరీక్ష నాటి ఉదయం కళ్ళద్దాలు కావలసి వచ్చాయి. పద్ధతి తప్పకూడదని డబ్బాలు లెక్కపెట్టి మరీ భాగించాడు. మూడు వచ్చింది. మూడో నంబరు డబ్బాలో కత్తెర, బొత్తాలు. మళ్ళీ భాగించాడు. మళ్ళీ బొత్తాలే.

“అన్నీ తెరిచి చూడొచ్చుగా?” అంది భార్య.

“అలా చూసేదానికి కోర్సెందుకే?”

“మీ లెక్క మీ ఇష్టం. చివరి డబ్బా మాత్రం నిన్న నేను తీసుకున్నాను. పంచదార పోశాను.”

గుమాస్తాగారు వేళ్ళు మడిచి డబ్బాలు మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడుతో సర్దినవాటిని ఆరుతో వెతుకుతున్నాడన్నమాట! సరిచేసుకునేలోగా పరీక్ష వేళయిందని ల్యాప్‌టాప్ మోగింది. పరుగున వెళ్ళి కూర్చున్నాడు. తెర మీద ప్రశ్న చీమల బారులా కనిపించింది.

ప్రశ్నలు చదివి వినిపించమని, తెర మూలన కనిపిస్తున్న పరీక్షకురాలిని బతిమాలాడు. తన కళ్ళద్దాలు హ్యాష్ టేబుల్లో పోయాయన్నాడు. ఎలా పోయాయని అడిగితే పంచదారతో సహా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ మైకు ఆపి, భుజాలు కదిలేలా నవ్వి, మళ్ళీ మైకు తెరిచింది.

“మరి ఏం చేసి ఉండాల్సిందండీ?”

“డబ్బాల సంఖ్య మారగానే సామానంతా బయటికి తీసి, కొత్త లెక్కతో మళ్ళీ సర్దాలమ్మా. నేను లెక్క మార్చాను, సర్దడం మానేశాను. కంప్యూటరు తప్పేం లేదు, దాని చోట ఉన్నది నేనే.”

ఆ తర్వాత ట్రీల మీద అడిగినవాటికి ఆయన చెప్పిన జవాబులు ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద.

ఫలితం తెర మీదికి వచ్చేసరికి భార్య వెనక నిలబడి, డబ్బాలన్నీ తెరిచి వెతికి తెచ్చిన కళ్ళద్దాలు ఆయన ముక్కు మీద పెట్టింది. బొటాబొటిగా పాస్.

“కుర్చీ వచ్చింది కదా,” అంది ఆవిడ, “ఇక నా డబ్బాలు నాకు ఖాళీ చెయ్యండి.”