సారీ చెప్పని గుద్దు

ఆదివారం పొద్దున్నే మా బావగారు స్నానాలగది తలుపుకి చిత్రిక పడుతున్నారు. ఆ తలుపు ఏ పాపమూ ఎరగదు. మా తోటికోడలి ముక్కు వాచింది తలుపు వల్ల కాదు, నా వల్ల. ఆ సంగతి ఇంట్లో తెలిసినవాళ్లం ఇద్దరమే. అందులో ఆవిడకి ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. అదే నన్ను తినేస్తోంది.

డాక్టరు బీపీకి వ్యాయామం చెయ్యమంటే, అక్క ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడి నన్నూ లాక్కెళ్లింది. తోటికోడలిని అక్కా అనే పిలుస్తాను. వెళ్లింది బాక్సింగ్‌కి. అత్తగారికి చెప్పింది యోగా అని. మేం చెమటతో తడిసి ముద్దై వస్తుంటే ఆవిడకి అనుమానం వచ్చింది.

"ఇదేం యోగానే, కూర్చుని చేసేదే కదా."

"కూర్చునే చేస్తాం అత్తయ్యా, కాకపోతే తొందర తొందరగా కూర్చుంటాం" అంది అక్క. అబద్ధమాడితే అక్కలా ఆడాలి.

మెకానిక్ షెడ్డు మీద ఒక హాలు. కింద గ్రీజు వాసన, పైన మా వాసన. నేర్పే ఆమె మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి మాలో మేం విజిలమ్మ అనుకుంటాం. ఒకరు చేతులకి మెత్తటి ప్యాడ్లు తొడుక్కుని ఎత్తి పట్టుకుంటే, రెండోవాళ్లు వాటి మీద గుద్దాలి. గుద్దిన ప్రతిసారీ నా నోట్లోంచి "సారీ అక్కా" వచ్చేసేది. ఇంటి పెద్దకోడలి మీదికి చెయ్యెత్తడం నా ఒంటికి అలవాటు లేదు మరి.

"అమ్మా, మీరు గుద్దడానికొచ్చారా, క్షమాపణ సభకొచ్చారా?" అనేది విజిలమ్మ.

ఆ బుధవారం ప్యాడ్లు అక్క చేతికున్నాయి. ఎడమ చెయ్యి, సారీ అక్కా. కుడి చెయ్యి, సారీ అక్కా. మధ్యలో అక్క ఏదో గుర్తొచ్చినట్టు, "రేపట్నుంచి అత్తయ్యని మోకాలి మసాజుకి నువ్వే తీసుకెళ్లు. మా పిల్లల్ని ట్యూషన్‌లో దింపడం కూడా చూసుకో. నీకెలాగూ ఖాళీయే కదా" అంది. అని, కంట్లోకి జారిన చెమట తుడుచుకోవడానికి ప్యాడు దించింది.

ఖాళీ. ఆ పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసే వచ్చాను నేను.

ప్యాడు దిగితే చెయ్యి ఆపాలి. మొదటిరోజే నేర్పిన నియమం. నా చెయ్యి ఆగలేదు అని రాస్తే బాగుంటుంది. కానీ నేనే ఆపలేదు. ప్యాడు దిగడం చూశాను, ముక్కు చూశాను, గుద్దాను.

అక్క ముక్కు పట్టుకుని కూలబడింది. విజిలమ్మ పరుగెత్తుకొచ్చి, ముక్కుని అటూ ఇటూ తిప్పి చూసి, వాపు తప్ప ఏం లేదని తేల్చి, నా భుజం తట్టింది.

"గుద్దంటే అదీ. ఇన్నాళ్లకి చేత్తో పాటు నడుం కూడా తిరిగింది మీకు."

పెళ్లయ్యాక నాకు దక్కిన మొదటి మెప్పు. ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"తప్పు నాదేలెండి. నేనే దించాను" అంది అక్క.

ఇంటికొచ్చాక అత్తగారు అడగ్గానే అక్క, బాత్రూం తలుపు బిగుసుకుపోయిందనీ, గట్టిగా లాగితే ఒక్కసారిగా వచ్చి తగిలిందనీ చెప్పింది. అత్తగారు తలుపునీ, దాన్ని బాగుచేయించని పెద్దకొడుకునీ కలిపి తిట్టింది. "నన్నూ ఓసారి కొట్టింది ఆ తలుపు" అని మా ఆయన సాక్ష్యం కూడా చెప్పాడు. నేను అక్కకి టీ ఇచ్చాను. మళ్లీ ఇచ్చాను. వద్దంటున్నా ఇంకోసారి ఇచ్చాను. మర్నాడు అత్తగారిని మసాజుకీ, పిల్లల్ని ట్యూషన్‌కీ నేనే తీసుకెళ్లాను.

ఆదివారం మధ్యాహ్నానికి బావగారు తలుపుని ఎంత చక్కగా చెక్కారంటే, ఇక గడియ పడదు.

"లోపలున్నవాళ్లు పాట పాడుతూ ఉండండి" అని తీర్పిచ్చారు.

ఇక నావల్ల కాలేదు. మేడ మీద బట్టలారేస్తున్న అక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, ఆరోజు నేను చూసే కొట్టాను."

అక్క తువ్వాలు దులిపి తీగ మీద వేసింది. "తెలుసు."

"ఎలా తెలుసు?"

"సారీ చెప్పలేదుగా. ఉత్తుత్తి గుద్దులన్నిటికీ చెప్పి, అసలుదానికి మానేశావు."

"మరి తలుపని ఎందుకు చెప్పావు?"

"నువ్వని చెప్తే మన యోగా ఏం కాను?" క్లిప్పు పెట్టి, నా వైపు తిరిగింది. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది. "ఖాళీగా లేనని నోటితో చెప్పొచ్చుగా. నా ముక్కే దొరికిందా నీకు?"

"ఇప్పుడు చెప్పనా, సారీ?"

"వద్దు. రేపు ప్యాడ్లు నువ్వు పట్టుకో."

మర్నాడు పట్టుకున్నాను. అక్క గుద్దుతోంది, ఎడమ, కుడి, ఎడమ. కుడి చెయ్యి లేచినప్పుడు నేను కావాలనే ప్యాడు దించి, కళ్లు మూసుకున్నాను.

ఏమీ తగల్లేదు. కళ్లు తెరిస్తే అక్క గ్లవ్ నా ముక్కుకి జానెడు దూరంలో ఆగి ఉంది.

"ఎత్తు" అంది. "అంత తేలిగ్గా బాకీ తీర్చేసుకుందామనుకున్నావా?"

ఎత్తాను.