మొదటి పదహారు పేజీలు

పుస్తకాలు కుట్టే బైండర్‌కి ఆ రోజు పొద్దుటినుంచీ చేయి ఆడటం లేదు. సోమవారం కూతుర్ని పెద్ద బడిలో చేర్చాలి. అక్కడ పుట్టుక కాగితాలు అడుగుతారు. వాటిలో దత్తత అని నల్లగా అచ్చుపడి ఉంది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అంటూ మొగుడూ పెళ్లాం పదకొండేళ్లు నెట్టుకొచ్చారు. ఇక రేపూ లేదు, మాపూ లేదు. పిల్ల ఆ ముక్క చదివేలోగా నోటితో చెప్పెయ్యాలి. నువ్వైతే మెత్తగా చెబుతావని భార్య ఆ పని ఆయన నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంది. జిగురు కలపడంలో తప్ప ఇంకే మెత్తదనమూ ఎరగని మనిషి, పాపం, ఏం చెబుతాడు?

చెప్పాక ఆ పిల్ల తనని నాన్నా అని పిలుస్తుందో లేదో. ఆయన భయమంతా అదే.

షాపంటే ఒకటే గది. ఒక బల్ల, బిగింపు మర, జిగురు గిన్నె, గోడకి చేరేసిన అట్టలు. బడి సెలవులు కాబట్టి మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన పిల్ల ఇంటికి పోకుండా అక్కడే తిష్ట వేసింది. వీధిలో అందరూ దాన్ని ప్రశ్నలపుట్ట అంటారు. ఊరికే అనరు లెండి.

బల్ల మీద ఉన్నది లైబ్రరీ వాళ్లు పంపిన పాత పుస్తకం. ఈ లోకం ఎలా పుట్టిందని పూర్వం మనుషులు ఏమేమి అనుకున్నారో అంతా అందులో ఉంది. విప్పి చూస్తే మొదటి ఫారమే, అంటే మడిచి కలిపి కుట్టే మొదటి కాగితాల కట్టే లేదు. పదహారు పేజీలు గల్లంతు. మొదలు గురించి రాసిన పుస్తకానికి మొదలే లేదు, చూశారా విడ్డూరం! లైబ్రేరియన్ ఫోన్లో నవ్వి, ఏవో నాలుగు పాత కాగితాలు పెట్టి కుట్టెయ్యండి, ఎవరు చూడొచ్చారు అన్నాడు. బైండర్‌కి ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లుగా ఆయనకో పద్ధతి ఉంది. ఎన్ని పేజీలు పోతే అన్ని తెల్ల పేజీలు లెక్కగా కుట్టాలి. ఎప్పటికైనా అసలువి దొరికితే అక్కడ పెట్టుకుంటారు. దొరక్కపోతే తెల్లగానే పడుంటాయి. అంతేగాని తోచిందల్లా తెచ్చి దూర్చకూడదు.

పిల్ల విడి ఫారాలు ముందేసుకుని చదువుతోంది. చదివింది కడుపులో ఆగదు కదా, వెంటనే బయటికి చెప్పెయ్యాలి. మొదట అంతా నీళ్లేనని కొందరన్నారట. పెద్ద గుడ్డు పగిలి పై పెంకు ఆకాశమూ కింది పెంకు నేలా అయ్యాయని మరికొందరట. ఒక తత్వవేత్త అంతా నిప్పే అన్నాడట. ఇంకొకాయన లోకానికి మొదలూ లేదు, తుదీ లేదు పొమ్మన్నాడట. గుడ్డు పెట్టిన కోడి ఎక్కడుందో ఆ గుడ్డువాళ్లని నిలదీయాలని తీర్పు కూడా ఇచ్చేసింది. బైండర్ నవ్వాడు గానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

“ఒక్కళ్లూ చూళ్లేదు కదా నాన్నా, మరి ఇన్ని ఎందుకు చెప్పారు?”

“తెలీకుండా ఉండలేక.”

ఈ తెల్ల కాగితాలేమిటని తర్వాతి ప్రశ్న. ఆయన పద్ధతి వివరించాడు. తెలియనిచోట తెల్లగా వదిలెయ్యాలి, కల్పించి పెడితే చదివేవాళ్లని మోసం చేసినట్టే అని నోరు జారాడు. జారాక చేతిలో సూది ఆగిపోయింది. మరి తను చేసిందేమిటి? ఏటా పుట్టినరోజున ఆ పిల్లకి అది పుట్టిన కథ చెప్పేవాడు. ఆస్పత్రి, వాళ్లమ్మ పడ్డ నొప్పులు, బయట కుండపోత వాన, తెల్ల గుడ్డలో చుట్టి నర్సు తన చేతికివ్వడం. అడిగినప్పుడల్లా ఇంకో ముక్క కలిపేవాడు కూడా. ఊళ్లోవాళ్ల పుస్తకానికి అంత నీతి, సొంత బిడ్డకి దొంగ ఫారం! ఆయనకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

సూది పక్కన పెట్టి చెప్పేశాడు. మెత్తగా ఏం చెప్పలేదు, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. పిల్లల్ని సాకే ఇంటి నుంచి తెచ్చుకున్నామనీ, అప్పటికి నీకు నలభై రోజులనీ, కన్నవాళ్లెవరో అక్కడివాళ్లకీ తెలియదనీ.

ప్రశ్నలపుట్ట నోరు మూతపడటం ఆయన అదే మొదటిసారి చూడటం. పిల్ల తెల్ల కాగితాలు దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే తిప్పింది. ఎనిమిది కాగితాలూ అయ్యేదాకా ఆయన లెక్కపెడుతూ కూర్చున్నాడు.

“అమ్మ నొప్పులు అబద్ధమా?”

“అబద్ధమే.”

“నర్సు?”

“అదీ అంతే. అక్కడి ఆయా ఇచ్చింది నిన్ను.”

“తెల్ల గుడ్డ?”

“పసుపుది. మీ అమ్మ బీరువాలో దాచింది.”

“వాన కూడానా?”

“వాన నిజం తల్లీ. చొక్కా విప్పి నీ మీద కప్పాను. నేనూ మీ అమ్మా తడిసి ముద్దయిపోయాం. నువ్వు మాత్రం తడవలేదు.”

పిల్ల మోచేత్తో కళ్లు తుడుచుకుంది. నీళ్ల గురించి రాసిన పేజీకేసి చూసింది.

“అంతకుముందుది తెలీదు. తెలీనిది తెల్లగానే ఉండనీ,” అంది. “నాకు కూడా మొదట నీళ్లేనన్నమాట.”

బైండర్ అవునన్నట్టు తలూపి, దారం ఎక్కిద్దామని సూది తీశాడు. మూడుసార్లు ప్రయత్నించినా ఎక్కలేదు.

“ఇటివ్వు నాన్నా,” అంది పిల్ల. “నేనెక్కిస్తా.”

ఆయన ఇచ్చాడు.