వెన్ను చూపినవాడు

తెల్లవారకముందే మైపాడు ఒడ్డున పడవలు నీళ్ళలోకి తోస్తారు. అన్నదమ్ములిద్దరి పడవలో చుక్కాని తమ్ముడు ఆదెయ్యది. నీటి రంగు చూసి కవళ్ళ చేపల గుంపు ఎక్కడుందో చెప్పేవాడు. అన్న గంగులయ్య వల లాగుతూ లోలోపల ఉడికిపోయేవాడు.

పందొమ్మిది వందల అరవై రెండులో ఆదెయ్య వెన్నుపూస పుచ్చింది. మద్రాసులో ఒక ఆసుపత్రిలో ఏడు గంటలు బోర్లా పడుకోబెట్టి ఆపరేషను చేశారు. మెలకువ వచ్చేసరికి రెండు కళ్ళూ చీకటి.

"నడుం నిలబడింది గదా, ఇంకేం కావాలి?" అన్నాడు డాక్టరు.

"కళ్ళతో వచ్చినాడయ్యా!" అంది భార్య కామమ్మ. డాక్టరు అప్పటికే పక్క మంచం దగ్గరికి పోయాడు.

ఇంటికొచ్చాక కామమ్మ వెనక కూర్చుని కట్టు విప్పుతుంటే, "నీ కొంగు చిరిగిందే" అన్నాడు ఆదెయ్య. వీపు మీది జానెడు కుట్టుమచ్చకు చూపొచ్చింది. కామమ్మ కొంగు చూసుకుని సూదీ దారం తెచ్చుకుంది.

మర్నాటి నుంచి ఊరివాళ్ళు అతని వెనక నిలబడి మాట్లాడసాగారు. అయితే అతని వెనకాల వెక్కిరించడం, పంపకంలో మంచి చేపలు పక్కకు నెట్టడం ఇక కుదరలేదు. చూసింది చూసినట్టు పైకే అనేసేవాడు. నెల తిరిగేసరికి పలకరింపులు ఆగిపోయాయి. గంగులయ్య కులపెద్దల్ని కూర్చోబెట్టాడు. గుమ్మం దాటితే ఆదెయ్య చొక్కా వేసుకోవాలి, లేదంటే వెలి. చుక్కాని గంగులయ్యకిచ్చారు.

రెండేళ్ళు ఆదెయ్య మందపాటి చొక్కాలో, భార్య చెయ్యి పట్టుకుని నడిచాడు. దారిలో కొందరు కావాలనే కాళ్ళు అడ్డం పెట్టేవాళ్ళు.

మూడో ఏడు కవళ్ళ కాలంలో గంగులయ్య పడవ పదకొండు రోజులు ఖాళీగా వచ్చింది. పన్నెండో నాడు, అదే పడవలో వల లాగే చిన్నపోలయ్య ఆదెయ్య ఇంటికొచ్చాడు.

"చొక్కా తీసి రా అన్నా."

ఒడ్డున గంగులయ్య అడ్డం నిలబడ్డాడు. "ఈ గుడ్డోడు ఎక్కితే నేను దిగుతా!"

"దిగు" అన్నాడు చిన్నపోలయ్య.

ఆదెయ్య అన్నకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"నాకే వెన్ను చూపిస్తావా?"

"నేను చూపించడంలా, చూస్తుండా. ఆ తెడ్డు దించు."

గంగులయ్య ఎత్తిన తెడ్డు దించాడు. ఒడ్డున ఉన్న కులపెద్దలు పక్కకు జరిగి దారిచ్చారు.

ఆదెయ్య సముద్రానికి వీపు పెట్టి, చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. "ఎడమకు పోనీండి" అన్నాడు. పడవ అలలు దాటింది. ఒడ్డున మిగిలిన గంగులయ్య వైపే చాలాసేపు అతని ముఖం ఉంది. ఆ కళ్ళకు అన్న కనబడలేదు.