గేటు ముందర కొత్త కారు

కారు కొని ఎనిమిది నెలలైనా జగదీశ్ సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. తీస్తే కారు పాతబడుతుందని అతని నమ్మకం. ఎండాకాలంలో ఎక్కిన బంధువులు దిగేటప్పుడు చర్మం కొంత సీటుకే వదిలి వెళ్లేవారు. బిడ్డను ఇంటికి తెచ్చే రోజు తీస్తానని భార్య మల్లికకు మాట ఇచ్చాడు.

ఆ బిడ్డే ఇప్పుడు తొందరపడుతోంది. కమలాపురం నుంచి ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోతుంటే రైల్వే గేటు పడింది. వెనక సిమెంటు లారీ, పక్కన శనక్కాయల ట్రాక్టరు. గూడ్సు పోయినా గేటు లేవలేదు. ఇంకో రైలుందట.

వెనక సీట్లో మల్లిక పక్కన పొరుగింటి హఫీజా ఉంది. ఆ ఆస్పత్రిలోనే కాన్పులు చేసే నర్సు. బయలుదేరే ముందే చూసింది, గర్భసంచి నోరు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

"అక్కా, ముక్కాలనిపిస్తాండాది. ఆపుకోలేకపోతాండా," అంది మల్లిక.

"ముక్కుమ్మే," అంది ముందు సీట్లోంచి అత్త పెద్దసుబ్బమ్మ. "వీణ్ణి నేను పొయ్యి ముందరే కన్యా."

"నువ్వుండుమ్మా. ఇప్పుడు బలంగా ముక్కితే గర్భసంచి నోరు వాస్తాది, కాన్పు కష్టమైతాది," అంది హఫీజా. మల్లిక వీపు నిమిరింది. "నీ తప్పేం ల్యా. బిడ్డ తల ఎనక్కి ఒత్తుతాంటే అట్లే అనిపిస్తాది. మోకాళ్ల మీద వంగు. తల కిందికి, నడుము పైకి. ఒత్తిడి తగ్గుతాది."

మల్లిక వంగింది. మోకాళ్లు ప్లాస్టిక్ మీద జర్రున జారాయి. మళ్లీ వంగింది, మళ్లీ జారాయి.

"కవరు చింపప్పా," అంది హఫీజా.

జగదీశ్ ఆలోచించాడు. "దుప్పటేస్తే?"

వేశారు. దుప్పటితో సహా జారింది.

"బిడ్డ పుట్టినాక తీద్దామనుకున్యామక్కా," అన్నాడు జగదీశ్.

"పుట్టాలంటేనే తీయాల."

అతను గేటు వైపు చూశాడు. అద్దంలో లారీ వైపు చూశాడు. ఎటూ దారి లేదు.

ఇంతలో నొప్పి వచ్చింది. "వేడి టీ ఊదినట్ల ఊదు. దానంతట అది వచ్చే ముక్కుడు రానీ, నువ్వు బలం పెట్టాకు," అంది హఫీజా.

మల్లిక ఊదింది. ఊదుతూనే రెండు చేతులా కవరు అంచు పట్టి లాగింది. ఆ బలమంతా అటు పోయింది. కవరు ఈ చివర నుంచి ఆ చివరకు చిరిగింది. మోకాళ్లు నిలిచాయి. తర్వాతి నొప్పికి వీపు ఆనించే వైపు కవరూ పోయింది. గేటు లేచేసరికి వెనక సీటు మొత్తం బోడిగా ఉంది. జగదీశ్ అద్దంలో చూడటం మానేశాడు.

ఆస్పత్రిలో గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకుందని చూసి హఫీజా, "ఇంగ ముక్కు," అంది.

కాసేపటికి బయట కారు దగ్గరికొచ్చి చెప్పింది: "ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు."

కారులోనే కూర్చున్న పెద్దసుబ్బమ్మ మనవరాలిని చూడాలని లేవబోయింది. కవరు కూడా ఆమెతోపాటు లేచింది.

"నిదానంగా దిగుమ్మా," అన్నాడు జగదీశ్. "ఆ ముందరి రెండన్నా మిగలనీ."