దమ్యానా ఒప్పుకున్న రోజు

చెరకు తోటల నడుమ ఉన్న ఆ క్రైస్తవుల ఊళ్ళో గుడి గురువు చనిపోగానే అందరి కళ్ళూ బాఖూమ్ మీద పడ్డాయి. అతను నీటి పంపులు బాగుచేసే మనిషి. పాటకు గొంతు పెగలదు, నలుగురిలో మాట్లాడమంటే చెమటలు పడతాయి. కానీ చావు జరిగిన ఇంట్లో అతనొచ్చి చాప మీద కూర్చుంటే, రాయిలా బిగుసుకున్నవాళ్ళు కూడా ఏడ్చి తేలికపడేవారు. కొట్టుకున్న అన్నదమ్ములు అతని ముందే తిట్టుకుని, అలసిపోయి, టీ తాగేవారు.

"ఇంత మంచివాడు గురువు కాకపోతే ఇంకెవడవుతాడే?" అంది పక్కింటి ఉమ్ జర్జిస్. "ఇక గురువు చెయ్యితోపాటు నీ చెయ్యి కూడా ముద్దుపెట్టుకోవాలి కాబోలు మేము."

"ఉల్లిపాయ కంపు కొడుతుంది వదినా," అంది అతని భార్య దమ్యానా. ఆమెకు నవ్వు రాలేదు.

భార్య ఒప్పుకోనిదే బిషప్పు ఎవరి తలమీదా చెయ్యి పెట్టి గురువును చెయ్యడు. అందుకే బాఖూమ్ ఆమెను బతిమాలాడు.

"ఊరంతా అడుగుతుంటే నేను కాదనలేను. నువ్వే కాదని చెప్పు. నా పని బలిపీఠం దగ్గర కాదే, వాళ్ళ పక్కన."

"కాదంటాలే. నువ్వేం బెంగపడకు."

గుడిలో బిషప్పు అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే వెనక ముసలమ్మలు సంతోషంతో నాలుకలాడిస్తూ కూతలు పెట్టేశారు. అన్ని మొహాల వెలుగు ఆర్పడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

"ఒప్పుకుంటున్నాను," అంది.

గురువయ్యాక కొన్నాళ్ళు మఠంలో ఉండి, నల్లని అంగీతో, గడ్డంతో, యోహన్నా అనే కొత్త పేరుతో అతను తిరిగొచ్చాడు. ఊళ్ళో రైతు నసీఫ్ కాలవ నీళ్ళ తగువులో తన తమ్ముడి తల పగలగొట్టాడని విని పరుగున వెళ్ళాడు. అన్నదమ్ములిద్దరూ గబుక్కున లేచి అతని చెయ్యి ముద్దుపెట్టుకున్నారు. మంచి కుర్చీ తుడిచి వేశారు.

"ఏం గొడవ లేదు అబూనా, మా తండ్రీ. అంతా మీ దీవెన," అన్నాడు నసీఫ్. తలకు కట్టుతో తమ్ముడు కూడా అదే అన్నాడు.

ఆ వారంలోనే తమ్ముడు పెళ్ళాంపిల్లలతో ఊరు విడిచి పోయాడు. కన్నతల్లికి కూడా చెప్పలేదు.

ఆ వార్త విని బాఖూమ్ తన ఇంటి గడపలోనే కూలబడ్డాడు.

"నాతో ఎవరూ ఏమీ చెప్పటంలేదు దమ్యానా. నువ్వైనా పాత పేరు పెట్టి నన్ను తిట్టు. ఒక్కసారి."

తిట్టాలనే ఆమె నోరు తెరిచింది. ఎదురుగా నల్లని అంగీ. తనకు తెలియకుండానే లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుంది.

"నేలమీదెందుకు, లోపలికి రండి అబూనా," అంది.