చివరి పేజీ నుంచి

షేర్ల ఆఫీసు గుమాస్తా కాగితాలు చేతిలో పెట్టగానే ముల్లు మాస్టారు వాటిని తిరగేసి, చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. చమురు, గ్యాసు కంపెనీ వారి మూడు నెలల ఫలితాలవి. మొదటి పేజీలో ఏముంటుందో ఆయనకు చూడకుండానే తెలుసు. పెద్దక్షరాల్లో లాభం, దాని పక్కన చైర్మన్ నవ్వు. అసలు సంగతులన్నీ వెనకాల చిన్నక్షరాల్లో నక్కి ఉంటాయి.

ఆయన నిజానికి మాస్టారేమీ కాదు. అదే కంపెనీ గ్యాసు బావి దగ్గర ముప్పై రెండేళ్లు పీడనం మీటరు ముల్లుకేసి చూస్తూ, గంటకోసారి అంకె రాసిన మనిషి. ఆ పేరు తోటివాళ్లు వేళాకోళానికి పెట్టింది. యంత్రాల హోరుకు ఎడమ చెవి పోయింది. విరమణ రోజున కంపెనీ ఓ గోడ గడియారం, కాసిని షేర్లు ఇచ్చి పంపింది. గడియారం ఏడాదికే ఆగిపోయింది. షేర్లు మిగిలాయి.

ఇవాళ పక్కన బావమరిది కూడా ఉన్నాడు. దర్జీ. దుకాణం వెనక గది అమ్మిన డబ్బంతా ఈ కంపెనీలోనే పెట్టాలని పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"లాభం ముప్పై శాతం పెరిగిందట బావా! ఇంకా ఏం చదువుతావు?"

"ఏంటీ?"

దర్జీ కుడి చెవి వైపు వచ్చి అరిచాడు. ఆఫీసంతా తలెత్తి చూసింది.

"పెరిగింది రేటు. సరుకు కాదు" అన్నాడు మాస్టారు. "పోయినేడు ఇదే మూడు నెలల్లో తీసిన గ్యాసు కంటే నూటికి పదకొండు పాళ్లు తక్కువ తీశారు. రేటు కలిసొచ్చి గట్టెక్కారు. అది ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు?"

"రేటు ఒక్కదానికే ఇంత లాభమా?"

"ఇదిగో, ఇతర ఆదాయం. పాత గొట్టాల లైను ఒకటి అమ్మేశారు. అలాంటిది ఒక్కసారే అమ్ముతారు, నీ వెనక గదిలాగా."

దర్జీ ముఖం చిన్నబోయింది.

"ఇంకోటి విను. కొత్త బావులు తవ్వే ఖర్చు సగానికి కోశారు. విత్తనాలు వండుకు తిని, ఈసారి తిండికి లోటు లేదంటున్నారు."

"అంత తెలిసినవాడివి నీ షేర్లెందుకు అమ్మవు? నువ్వు ఉంచుకోవచ్చు, నేను కొనకూడదా?"

మాస్టారు కాగితాలు సర్దుకున్నాడు.

"నాది ఓ చెవి అక్కడుందిరా. నీదేముంది?"

నవ్వాలో కోప్పడాలో తెలియక దర్జీ, "నీతో పెట్టుకుంటే అయినట్టే" అంటూ విసవిసా వెళ్లిపోయాడు.

ఇంటికి నడక పావుగంట. ఆయనకు ముప్పావుగంట పట్టింది. బస్టాపులో ఒకసారి, మందుల షాపు మెట్ల మీద ఒకసారి కూర్చున్నాడు. తలుపు తీసిన భార్య ఆయన ముఖం చూసి, "ఏమంటున్నాయి మీ కాగితాలు?" అంది.

"అలిసిపోయాయే. కాస్త టీ పెట్టు."

కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆమె టీ తెచ్చేసరికి తల ఒక పక్కకు వాలి ఉంది. కుడి చెవి దగ్గర వంగి పిలిచింది. రెండోసారి ఇంకాస్త గట్టిగా పిలిచింది.

చీకటి పడుతుండగా దర్జీ వచ్చాడు. కొనలేదు, డబ్బు బ్యాంకులోనే ఉంచాను అని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాడు. గుమ్మంలో జనాన్ని చూసి ఆగిపోయాడు. తర్వాత చాలాసేపు అక్క పక్కన కూర్చున్నాడు. చేతులకు ఏ పనీ లేక, కుర్చీ కింద పడి ఉన్న కాగితాలు ఏరాడు. మూడో పేజీ అడుగున, బావ తనకు చదివి చెప్పని వరుస ఒకటి కనిపించింది. ఏడో నంబరు బావి, పీడనం లేనందున శాశ్వతంగా మూసివేయడమైనది.

"ఏడో నంబరు మీ బావదే" అంది అక్క.

ఆ వరుస కింద గోటితో గీసిన గీత ఉంది. సిరా లేదు, పెన్సిలూ లేదు. కాగితాన్ని దీపం వైపు వంచితేనే కనిపిస్తోంది.