నిచ్చెనమ్మ ఇంటికి వచ్చిన ఖర్జూరం

మట్టను కోసే ముందు నిచ్చెనమ్మ దాన్ని ఒకసారి చేత్తో కిందికి వంచి చూస్తుంది. ఎండిందైతే గలగలమంటుంది. సగం పసుపు తిరిగిందైతే చప్పుడు చేయకుండా వంగి, వదలగానే మళ్ళీ పైకి లేస్తుంది. అలా లేచిన మట్టను ఆమె కోయదు. పాటల మేష్టారి పెరట్లో, నిచ్చెన పైమెట్టుకు ఒక మెట్టు కింద నిలబడి, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, ఈ ఉదయం కూడా ఆమె ఆ పనిలోనే ఉంది.

"ఆ పసుపుది కూడా కొట్టెయ్యమ్మా. చూడ్డానికి బాగాలేదు" అన్నారు మేష్టారు కింది నుంచి.

"చెట్టు ఇంకా దాన్ని తింటోంది మేష్టారూ. తింటుండగా పళ్ళెం లాగేస్తే మీరు ఊరుకుంటారా?"

"పోయిన నెలా ఇదే చెప్పావు."

"పోయిన నెల మీరూ ఇదే అడిగారు."

మేష్టారు నవ్వి కుర్చీ చేతి మీద తాళం వేసుకోవడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి ఇద్దరి మధ్యా జరిగే సంభాషణ ఇది. ఒక నెల జరక్కపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

ఆమె అసలు పేరు ఆ వీధుల్లో ఎవరికీ తెలియదు. సైకిలుకు పొడవునా నిచ్చెన కట్టుకుని, తొక్కకుండా నడిపించుకుంటూ పోతుంది కాబట్టి నిచ్చెనమ్మ. యాభై దాటిన సన్నటి మనిషి. మోచేతుల దాకా ముళ్ళు గీరిన గీతలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. ఇళ్ళ ముందూ వెనకా పెంచుకునే వక్క చెట్లు, ఖర్జూరాలు, విసనకర్రల్లాంటి ఆకులు విప్పే తాటిజాతి మొక్కలు, కుండీల్లో గదుల మూల నిలబడేవి, అన్నీ ఆమె చేతి కిందే పెరుగుతున్నాయి.

నిచ్చెన దిగి, కోసిన మట్టలు కట్టకట్టి, పాదులో చేరిన చెత్త ఊడ్చి, ఆమె రోజూ కంటే ముందుగా సైకిలు తీసింది.

"ఏమిటివాళ తొందర?" అన్నారు మేష్టారు.

"మా ఇంటికి చెట్టొస్తోంది" అంది నిచ్చెనమ్మ. ఆ మాట అంటున్నప్పుడు నవ్వు దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

మేష్టారు తాళం ఆపేశారు. "ఇన్నాళ్ళూ మీ ఇంట్లో చెట్టే లేదా?"

లేదు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ వాళ్ళు మేడ మీద అద్దె గదుల్లోనే ఉన్నారు. అక్కడ బట్టలారేయడానికి తీగ కట్టే చోటే తప్ప చారెడు మట్టి లేదు. ఈ మధ్యనే వీధి చివర చిన్న పెంకుటింట్లోకి మారారు. ఆ ఇంటి పక్కగోడ వెంట కాస్త నేల ఉంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మామగారు గదులు చూడలేదు. ఆ నేల మీద కర్రతో గీసి, వంగి మట్టి వాసన చూసి, "ఇల్లు బాగుంది" అన్నాడు.

ఆ మామగారే ఆమెకు ఈ పని నేర్పింది. ఆయన వంశమంతా చెట్లెక్కిన వాళ్ళే. ఒక్కగానొక్క కొడుకు మాత్రం స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కళ్ళు తిరిగి గోడ పట్టుకునే రకం. కోడలు కాపురానికి వచ్చిన ఏడాదే మామగారు వక్కచెట్టు మీది నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచంలో పడుకుని ఆయన నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. ఎవరింట్లో ఏ చెట్టు మట్టలు ఎండి వేలాడుతున్నాయో అదే పలవరించాడు. విని విని ఒక పొద్దున కోడలు నిచ్చెన భుజాన వేసుకుంది. కొడుకు తోపుడు బండి మీద తండ్రిని కుర్చీతో సహా ఎక్కించుకుని వెనకే తోసుకెళ్ళాడు.

మొదటి చెట్టు సగానికి వెళ్ళేసరికి ఆమె కిందికి చూసి అక్కడే అతుక్కుపోయింది. కింద కుర్చీలోంచి మామగారు అరిచాడు. "అమ్మాయ్, కిందకి చూడకు. పైన మొవ్వు చూడు. అది నిన్ను చూసి భయపడట్లేదుగా, నువ్వెందుకు భయపడతావు?"

చెట్టు తలలో, మట్టలన్నిటి నడుమ, ఇంకా విచ్చుకోని లేత ఆకు నిటారుగా నిలబడి ఉంటుంది. అదే మొవ్వు. ఆమె దాన్ని చూస్తూ ఎక్కింది. కోడలు పిల్ల చెట్లెక్కుతోందని వీధిలో చెవులు కొరుక్కున్నారు. "నా కొడుకు ఎక్కలేడు, నా కోడలు ఎక్కుతుంది. మీకు కడుపుమంటగా ఉంటే మీరూ ఎక్కండి" అన్నాడు ఆయన, నడివీధిలో కుర్చీ వేయించుకుని మరీ. తుంటి అతుక్కున్నాక కూడా ఆయన మళ్ళీ నిచ్చెన ముట్టుకోలేదు. కింద కూర్చుని అరవడంలో ఉన్న సుఖం అప్పటికే రుచి మరిగాడు.

పళ్ళ డాక్టరమ్మ ఇంటి ముందు గదులే ఆసుపత్రి. రోగులు కూర్చునే గదిలో కిటికీ పక్కన కుండీలో ఒక పామ్ మొక్క ఉంటుంది. నిచ్చెనమ్మ ముందు దాని దగ్గరికి వెళ్ళి తడిగుడ్డతో ఆకులు ఒక్కొక్కటే తుడిచింది. కుర్చీకి దగ్గరగా ఉన్న ఆకుల కొసలన్నీ సన్నటి పోగులుగా చీలి ఉన్నాయి. లోపలికి పిలుపు వచ్చేదాకా రోగులు భయంకొద్దీ వాటిని గోళ్ళతో చీలుస్తూ కూర్చుంటారు.

"నిన్న పెద్ద పన్ను పీకినట్టున్నారు డాక్టరమ్మా" అంది, ఒక ఆకు ఎత్తి చూపిస్తూ.

"రెండు పీకాను" అంది డాక్టరమ్మ. "ఇవాళ నువ్వు మా ఇంట్లో పీకుతున్నావుగా. చెల్లుకు చెల్లు."

పీకవలసింది పెరట్లో ఉన్న ఖర్జూరం చెట్టును. డాక్టరమ్మ తల్లి ఇకపై కూతురి దగ్గరే ఉండబోతోంది. ఆవిడ మెట్లెక్కలేదు కాబట్టి చెట్టున్న చోట కింద ఒక గది కట్టాలి. కొట్టించేద్దామని మేస్త్రీ అన్నాడట. డాక్టరమ్మకు మనసొప్పక నిచ్చెనమ్మను పిలిచి, "తీసుకెళ్తావా?" అని అడిగింది. ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే మామగారు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశాడు. తర్వాత గబగబా తిని, చేయి కడుక్కుని, గోడ పక్క నేల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

పెరట్లో అప్పటికే అందరూ చేరారు. చుట్టూ గాడి తీసి, వేళ్ళ చుట్టూ మట్టిముద్దను గోనెపట్టాలతో బిగించి రెండు రోజులైంది. కాండం నడుమెత్తు కూడా లేదు గాని, మట్టలతో కలిసి చెట్టు వరండా కప్పును అందుకుంటోంది. నిచ్చెనమ్మ కూతురు తను నడిపే సామాన్ల బండిని వెనక్కి తెచ్చి, తొట్టి తలుపు దించి, పలకలు ఏటవాలుగా వేసింది. తమ పక్కింటి వడ్రంగి, అతని తమ్ముడు గునపాలు పట్టుకున్నారు. మొగుడు చెట్టు చుట్టూ తిరుగుతూ, ఎక్కడ పట్టుకుంటే ముల్లు గుచ్చుకోదో వెతుకుతున్నాడు. అలాంటి చోటు లేదు. మామగారు బండి తొట్టిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని వచ్చి, ఆ కుర్చీతోనే దిగాడు. తొంభైకి దగ్గరపడ్డ ఒళ్ళు చెక్కపేడులా తేలికైపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"తాతగారూ, నేను కట్టిన పళ్ళేవీ?" అంది డాక్టరమ్మ.

"ఇంట్లో ఉన్నాయి. వాటికివాళ సెలవు."

ముందు మట్టలన్నిటినీ పైకెత్తి జుట్టులా ముడివేయాలి. లేకపోతే దారిలో మొవ్వు విరుగుతుంది. నిచ్చెనమ్మ నిచ్చెన మీద నుంచి ఒడిసిపట్టుకుంటే కూతురు తాడు చుట్టింది. సగం దాకా బిగిసింది గాని పై భాగానికి తాడు చాలలేదు. మరో తాడు కోసం కూతురు బండి దగ్గరికి పోబోతుంటే మామగారు ఆపాడు.

"తాడెందుకే? ఇలా రా, నన్ను లేపు."

మనవరాలి భుజం ఊతంగా లేచి, నిచ్చెన రెండో మెట్టు మీద కాలు పెట్టాడు. కొడుకు "నాన్నా" అంటూ రెండు చేతులతో నడుము పట్టుకున్నాడు. తుంటి విరిగిన తర్వాత ఆయన నిచ్చెన మీద కాలు మోపడం అదే మొదలు. మెడలో ఉన్న నీలం గళ్ళ తువ్వాలు తీసి, మెలితిప్పి, పైన మిగిలిన మూడు మట్టల చుట్టూ తిప్పి, చెట్లెక్కే వాళ్ళు నడుముకు మోకు కట్టుకునే ముడి వేశాడు. వేళ్ళకు ఆ ముడి బాగా గుర్తుంది. వంగి మట్టలు పట్టుకున్న కోడలి ముఖానికి ఆయన ముఖం జానెడు దూరంలోకి వచ్చింది.

"చూశావా, ఎక్కాను" అన్నాడు.

"రెండు మెట్లు మామయ్యా."

"ఎక్కడం ఎక్కడమే."

గునపాలు ఒక్కసారిగా లేచాయి. చెట్టు కొంచెం ఒరిగి, ఆగి, లోపల ఎక్కడో ఒక లావుపాటి వేరు తెగిన చప్పుడుతో కదిలింది. డాక్టరమ్మ వరండాలో నిలబడి చూస్తూ, "నేను రోజూ చేసే పనే. కాకపోతే మత్తిచ్చి చేస్తాను" అంది. మత్తు తనక్కావాలన్నాడు మొగుడు, ముళ్ళ మధ్య నుంచి. అందరూ పట్టు వదలకుండానే నవ్వారు. నవ్వుతూనే పలకల మీదికి తోశారు.

దారి పొడవునా కూతురు నడిచేవాళ్ళకంటే నెమ్మదిగా బండి నడిపింది. నిచ్చెనమ్మ తొట్టిలో చెట్టు మొదలు పట్టుకుని కూర్చుంది. పక్కన కుర్చీలో మామగారు. వీధిలో ఎవరో, "ఎక్కడికి తాతా ఊరేగింపు?" అని అడిగితే, "మా ఇంటికి" అని ఆయన అక్కర్లేనంత గట్టిగా చెప్పాడు.

ఇంటి దగ్గర గుంత చూడగానే ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఇది చెట్టుకు తవ్వావా, బావికి తవ్వావా?"

"నువ్వే కదా లోతుగా తవ్వమన్నావు నాన్నా."

"వెడల్పుగా తవ్వమన్నాను. పాత నేల మొదలు మీద ఎంత మేరకుందో ఇక్కడా అంత మేరకే ఉండాలి."

మళ్ళీ సగం పూడ్చారు. ఇసుక కలిపారు. చెట్టును దించి, నిలబెట్టి, మూడు వైపులా వడ్రంగి తెచ్చిన వాసాలు ఊతం పెట్టారు. మట్టి పోసి నీళ్ళు పెట్టాక, తొక్కి గట్టిపరచడానికి కూతురు చెప్పులు విప్పబోయింది. మామగారు చేత్తో వారించి, కోడలి భుజం మీద చేయి వేసి, ఉత్త కాళ్ళతో ఆ బురదలోకి దిగాడు. చిన్నచిన్న అడుగులు వేస్తూ చెట్టు చుట్టూ తొక్కాడు. చీలమండల దాకా దిగబడితే నవ్వాడు. ఒక చుట్టు పూర్తయ్యాక, చాలు మామయ్యా అంటే వినకుండా ఇంకో చుట్టు తిరిగాడు. ఆ చేతి బరువు తన భుజం మీద ఉన్నట్టే లేదని నిచ్చెనమ్మకు అనిపించింది.

తర్వాత పాదు పక్కనే కుర్చీ వేయించుకుని, కాళ్ళు బురదలోనే ఉంచుకుని కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇది నువ్వు ఎక్కేంత ఎదిగేసరికి నువ్వు ముసలిదానివైపోతావు."

"మీ మనవరాలు ఎక్కుతుందిలెండి."

"అది ఎక్కదు. తండ్రి పోలిక. కింద చక్రాలుంటేనే దానికి ధైర్యం."

"అయితే నేనే ఎక్కుతాను. మీరు కింద కూర్చుని అరవండి."

"అరుస్తాను" అన్నాడు ఆయన. చెట్టు మొదటి నుంచి కొస దాకా మెల్లగా చూసుకున్నాడు. "ఇంకొకళ్ళ గేటు తీయక్కర్లేకుండా చెట్టు చూడొచ్చు. బాగుంది. టీ పెట్టు. చక్కెర ఎక్కువెయ్యి, పళ్ళ డాక్టరమ్మ ఇక్కడ లేదుగా."

ఆమె అందరికీ టీ పెట్టింది. ముందు గ్లాసు ఆయనకే తెచ్చింది. గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు గోడ మీద పెట్టి, వాసం ఒకటి కదులుతోందేమో చూసి, తిరిగి వచ్చి, "మామయ్యా, చల్లారిపోతుంది" అంది. భుజం ముట్టుకుంది. మళ్ళీ పిలవలేదు.

పక్కన, పాదుకు నీళ్ళు పోసిన ఖాళీ బకెట్ ఉంది. దాన్ని బోర్లించి ఆయన పక్కన కూర్చుంది. చేతిలోకి ఆయన చేయి తీసుకుంది. అరచేతిలో ఇంకా తడిమట్టి ఉంది. ఇంటి ముందు మొగుడు ముళ్ళు గుచ్చుకున్న చోట్లన్నీ వడ్రంగికి చూపిస్తున్నాడు. "ఒళ్ళు కాదురా నీది, జల్లెడ" అంటున్నాడు వడ్రంగి. కూతురు పడీపడీ నవ్వుతోంది. నిచ్చెనమ్మ ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత మొగుణ్ణి పిలిచింది.

పాటల మేష్టారు, డాక్టరమ్మ, నిచ్చెనమ్మ చెట్లు చూసే ఇళ్ళ వాళ్ళు చాలామంది చివరి చూపుకు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆయన తమ పెరట్లో కుర్చీ వేసుకుని ఎలా అరిచేవాడో చెప్పారు. ఏడుస్తూ కూర్చున్న కొడుకు కూడా మధ్యలో రెండుసార్లు నవ్వాడు. మేష్టారు వెళ్ళబోతూ ఆమె దగ్గర ఆగి, "ఈ నెల ఆ పసుపు మట్ట గురించి అడగనులే" అన్నారు. "అడగండి మేష్టారూ" అంది ఆమె.

నిచ్చెనమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళింది. పొద్దున్నే బయల్దేరే ముందూ సాయంత్రం వచ్చాకా పాదు తడిపేది. వేరు తెగిన చెట్టు కనుక బయటి మట్టలు ఒక్కొక్కటే ఎండుతూ వచ్చాయి. అది మామూలే. మొవ్వు లేస్తేనే చెట్టు బతికినట్టు. ఆ సంగతి మాత్రం ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక పొద్దున బండి తొట్టి కడుగుతున్న కూతురు అక్కడి నుంచే తల ఎత్తి చూసి, "అమ్మా, మధ్యలో పచ్చగా లేచింది. నిన్న లేదు" అంది. నిచ్చెనమ్మ చీపురు కింద పెట్టి పరుగున వచ్చింది. మొగుడు కూడా వచ్చాడు. కత్తిలా మడిచి ఉన్న లేత ఆకు, కట్టిన మట్టల మధ్య నుంచి జానెడు పైకి వచ్చి ఉంది. ముగ్గురూ మెడలెత్తి చూశారు. తర్వాత ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.

ఇక కట్లు విప్పాలి. కూతురు తాడు విప్పేసింది. కింది మట్టలు బరువుగా నాలుగు వైపులా వాలాయి. మామగారు వేసిన పై ముడి మీద చేయి వేసి ఎటు లాగాలో తెలియక ఆగింది. నిచ్చెనమ్మకు తెలుసు. అయినా ఆమె చెప్పలేదు. లోపల మూడు మట్టలేగా, మొవ్వుకు అడ్డం లేదుగా అన్నాడు మొగుడు.

వానకు తడిసి, ఎండకు వెలిసి, నీలం గళ్ళు తెలుపులో కలిసిపోతున్న తువ్వాలు ఖర్జూరం చుట్టూ బిగువు సడలకుండా అలాగే ఉంది.